వ్యాయామవిద్యకు గురువు లెవరు?

2024వ సంవత్సరము డిసెంబరు నెలలో తెలంగాణ శాసనసభవారు యంగ్ ఇండియా వ్యాయామవిద్యా క్రీడా విశ్వవిద్యాలయమును స్థాపించుటకై బిల్లు నామోదించిరి. ఈ కార్యమును మేము మనఃపూర్వకముగా నభినందించుచున్నాము. అయితే భవన మెక్కడ, మైదాన మెంత, ఖర్చెంత యని యడుగువారు పలువురు గలరు గాని, అందు బోధించువా రెవరని యడుగువారు మాకు కానరాకున్నారు. గోడ బీటలువారినచో పడగొట్టి మరల కట్టుకొనవచ్చును. ఒకసారి నియమింపబడిన అధ్యాపకుడు ముప్పది యేండ్లు ఆ పీఠము నలంకరించి యుండును. అతడు సమర్థుడైనచో ముప్పది తరగతుల విద్యార్థులు బాగుపడుదురు. కానిచో ముప్పది తరగతులును చెడును. కనుక పునాది రాయికంటె మొదటి నియామకముల జాబితాయే ముఖ్యమని మా యభిప్రాయము.

మా చిన్ననాట వ్యాయామ మనగా నేమో చెప్పెదము. ఒక పాఠశాలలో వారమున కొక గంట డ్రిల్లు జరిగెడిది. ఈల వినబడగానే చేతులు పైకెత్తుట, మరల వినబడగానే దించుట, అంతియే విద్య. ఒకనాడు మా సహాధ్యాయి దూకుచు మోకాలు మెలిబెట్టుకొని పడిపోగా, మరి రెండు చుట్లు పరుగెత్తినచో నొప్పి దానంతటదియే పోవునని మాస్టరుగారు సెలవిచ్చిరి. నొప్పి పోలేదు, పిల్లవాని ఆటయే పోయినది. ఆ మాస్టరుగారు దుష్టులు కారు. మోకాలిలో నేమున్నదో వారికి నెవ్వరును చెప్పియుండలేదు. చెప్పదగినవారు వారి గురుపీఠమున లేకపోయిరి. దోషము అక్కడనే మొదలైనది.

నేడు మా కొత్తకోటలో తెల్లవారుజామున లేచి చూచినచో, హైదరాబాదు కర్నూలు రహదారి ప్రక్కను యువకులు గుంపులు గుంపులుగా పరుగెత్తుట కనబడును. వీరిలో పెక్కుమంది పోలీసు ఉద్యోగమునో సైన్యమునో ఆశించువారు. 2022వ సంవత్సరపు ప్రకటన ననుసరించి కానిస్టేబులు పదవికి పురుషుడు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తవలసి యుండెను. వీరికి శిక్షకుడు లేడు. కాలము చూపు చేతిగడియారమే వీరి గురువు. కాళ్ల నొప్పులు వచ్చినచో మందుల దుకాణములో మాత్ర యొకటి కొని మ్రింగి మరల పరుగెత్తుదురు. పరీక్షనాటికి కాలు వాచి, రెండేండ్ల శ్రమ రెండు నిమిషములలో నేలపాలైన బిడ్డలను మేము స్వయముగా నెరుగుదుము.

ఇక విశ్వవిద్యాలయములలో వ్యాయామ విభాగమునకు సహాయ డైరెక్టరు కాదలచినవాని కేమి నియమము గలదు? 2018వ సంవత్సరపు యు.జి.సి. నిబంధనల ప్రకారము అతడు వ్యాయామవిద్యలో గాని క్రీడాశాస్త్రములో గాని ఎం.ఏ.కు సమానమైన పట్టము పొందియుండవలెను. పోటీలలో పాల్గొనిన దాఖలా చూపవలెను. ముప్పది యేండ్ల లోపు వాడైనచో 12 నిమిషములలో 1800 మీటర్లు పరుగెత్తియో నడచియో చూపవలెను. కానిస్టేబులు పరుగుతో దీనిని పోల్చి మేము పరిహసింపబోము. గురువు శిష్యునికంటె వేగముగా పరుగెత్తనక్కరలేదు. అయితే శిష్యు డేల పడిపోయెనో గురువునకు తెలియవలెను. ఈ రెండవదానికి పై పరీక్షలలో చోటెంత గలదో పాఠకులే యోచింతురు గాక.

ఒక్క యుదాహరణము చాలును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కల ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 యేండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత గలదు. సగముకంటె నెక్కువ! మా ప్రాంతపు బాలిక యొకతె నాలుగువందల మీటర్ల పరుగులో మూడువందలు దాటగానే కూలబడినచో సోమరితనమని చీవాట్లు పెట్టువా డొక గురువు. ఆమె కనురెప్పను క్రిందికి లాగి చూచి, రక్తపరీక్ష చేయించి, ఆహారము మార్పించి, మూడు నెలలు నిరీక్షించువాడు మరియొక గురువు. ఇద్దరికిని పట్టము ఒక్కటే కావచ్చును. కాని యొకరిచేత ఆ బాలిక మైదానమునకు దూరమగును. మరియొకరిచేత జాతీయ క్రీడాకారిణి యగును. ఈ యంతరము వారు చదివిన చదువులోనిది, వారు పనిచేసిన చోటులోనిది.

ప్రపంచమున నీ శాస్త్రమును పెంచినవా రెవరో విచారింతము. కండరములందు పుట్టు వేడిని కొలిచి 1922వ సంవత్సరపు నోబెలు బహుమతి నందిన ఆర్చిబాల్డ్ హిల్ మొదట గణితము చదివినవాడు. తానును పరుగు పందెగాడు. బాస్కెట్ బాల్ ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వ్యాయామోపాధ్యాయుడై యుండి, తరువాత వైద్యవిద్య నభ్యసించి పట్టభద్రుడయ్యెను. హార్వర్డులో 1927 మొదలు 1947 వరకు నడచిన శ్రమపరిశోధన శాలలో రసాయనజ్ఞులును శరీరధర్మ శాస్త్రజ్ఞులును కలిసి పనిచేసిరి. 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిన హారీ క్రోవ్ బక్ 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారతీయ జట్టును నడిపించుకొని పోయెను. వీరిలో నే యిద్దరును ఒక్క బాట నడచినవారు కారు. అనేకములైన బాటలు వచ్చి కలిసినచోటనే ఈ విద్య వర్ధిల్లెను.

మనవారికిని ఈ గౌరవము లేకపోలేదు. కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు డేరాలో ప్రసిద్ధులగుటకు ముందు మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమున పాఠశాలలో పిల్లలకు వ్యాయామము నేర్పినవారు. హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచేత బడిపంతులు. 1950 మొదలు 1963లో మరణించువరకు భారత ఫుట్‌బాల్ జట్టుకు వారే శిక్షకులు. వారి కాలముననే మన జట్టు 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. ఆ తరువాత మన ఫుట్‌బాల్ ఆ యెత్తు నెన్నడును చూడలేదు. రహీముగారి గొప్పతనము కాలిలో నుండెనా, తలలో నుండెనా? ఎదుటివానికి తెలియజెప్పు నేర్పులో నుండెను. పంతులుతనమే వారి పట్టము.

న్యాయస్థానములందు మేము నిత్యము చూచు పద్ధతి యొకటి గలదు. నిపుణుని యభిప్రాయము సాక్ష్యముగా స్వీకరించుటకు 1872వ సంవత్సరపు చట్టములోని 45వ సెక్షను విశేష నైపుణ్యము నడిగెను. దానికి బదులుగా వచ్చిన 2023వ సంవత్సరపు చట్టము 39వ సెక్షనులో నదియే యడుగుచున్నది. పట్టముండుట మంచిదే. కాని నీ వెక్కడ నేర్చితివి, ఎన్నిమార్లు చేసితివి, నీ మాట యెన్నిమార్లు నిజమైనదని ప్రతిపక్ష వకీలు బోనులోనే ప్రశ్నించును. ఆస్తి తగాదాలో నింత జాగ్రత్త గైకొనెడు మనము, బిడ్డల దేహముల నప్పగించునపుడు ఆమాత్రము ప్రశ్నింపవలదా?

పట్టముల నియమము సడలించినచో సిఫారసులకు ద్వారము తెరచినట్లగునని కొంద రనవచ్చును. ఈ భయము నిష్కారణమైనది కాదు. సిఫారసు మహిమ మాకును తెలియును. అందుచేతనే పట్టములు రద్దు చేయుడని మేము కోరుట లేదు. పట్టముతోపాటు మరియేమి గలదో ప్రజల యెదుట పెట్టుడని కోరుచున్నాము. పైగా చట్టబద్ధమైన మార్గము ముందే గలదు. 2022లో యు.జి.సి.వారు ప్రకటించిన సూచనల ప్రకారము పదునైదేండ్లు తక్కువగాక అనుభవముగల నిపుణులను, పట్టములతో నిమిత్తము లేకయే, మంజూరైన పదవులలో నూటికి పదింటికి మించకుండ అధ్యాపకులుగా తీసికొనవచ్చును. ఒలింపిక్ క్రీడాకారులను తయారుచేసిన శిక్షకులు మన రాష్ట్రముననే యుండగా, ఆ పదవులను ఖాళీగా నుంచుట యపరాధము.

కావున క్రొత్త విశ్వవిద్యాలయాధికారులకును, 2008లో స్థాపింపబడి వనపర్తి గద్వాలలలో పి.జి. కేంద్రములు గల మన పాలమూరు విశ్వవిద్యాలయమువారికిని మా విన్నప మిది. మొదటిది: అధ్యాపకు డెవరైనను అతడు చదివినది, ఆడినది, తయారుచేసిన శిష్యులు, చేసిన పరిశోధన, ఈ నాలుగును అందరికిని తెలియునట్లు ప్రకటింపవలెను. రెండవది: క్రీడాశిక్షకుల సరసనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, గాయముల వైద్యుడు, ఆహారశాస్త్రజ్ఞుడు, మనస్తత్వజ్ఞుడు ఉండవలెను, బాలికలకు బోధించుటకు స్త్రీలైన అధ్యాపకులు తగినంతమంది యుండవలెను. మూడవది: 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే యున్నది, దానితో బోధనా సంబంధము కల్పించుకొనవలెను. నాలుగవది: ప్రతి యధ్యాపకుడును సంవత్సరమున కొన్ని వారములు జిల్లా పాఠశాలలలో పనిచేయవలెను. మండు వేసవిలో పాలమూరు బాలుడు ఎట్లు పరుగెత్తుచున్నాడో చూడనివానికి అతనిని గూర్చి పాఠము చెప్పు నర్హత లేదు.

అక్రమ నియామకమును న్యాయస్థానమున ప్రశ్నించుట సాధ్యమే. కాని తీర్పు వచ్చునాటికి నాలుగైదు తరగతుల విద్యార్థులు బయటికి పోయియుందురు. వారి కాలమును తిరిగి యిప్పించు డిక్రీ యే న్యాయమూర్తియు వ్రాయలేడు. అందుచేత అడుగవలసినది నేడే. తెల్లవారుజామున మా రహదారి ప్రక్కను పరుగెత్తుచున్న యా యువకులు మైలురాళ్లను లెక్కించుచున్నారు. వారికి త్రోవ చూపగల వారిని వెదకి తెచ్చుట విశ్వవిద్యాలయముల బాధ్యత. ఆ వెదకుటలో ఉపేక్ష జరిగినచో ప్రశ్నించుట ప్రజల బాధ్యత.