మాటల వెనుక: జీవన ఎరువు, గోబర్ గ్యాసు

సేంద్రియ ఎరువు, జీవన ఎరువు - ఈ రెండూ ఒకటేనని తలచేవారు చదువుకున్నవారిలో సైతం తక్కువ కాదు. ఈ పొరపాటుకు మూల్యం చెల్లించేది మాత్రం రైతు. పేడ, ఆకు అలములు చివికి తయారయ్యేది సేంద్రియ ఎరువు. అది పైరుకు ఆహారం. జీవన ఎరువు సంచిలో ఉండేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. వాటిలో ప్రసిద్ధమైనది రైజోబియం. పప్పుధాన్యాల పైరు వేళ్ళపై బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పైరు గ్రహించగల రూపానికి మారుస్తుంది. దీనినే ‘నత్రజని స్థిరీకరణ’ అంటారు. అయితే శనగకు తగిన రైజోబియం సోయాచిక్కుడుకు పనికిరాదు. సంచిని ఎండలో పడవేసినా, రసాయన ఎరువులతోనో పురుగుమందులతోనో కలిపినా ఆ జీవులు చస్తాయి. మిగిలేది పొడి. ‘జీవన’ అన్న మాటను మనసుపెట్టి చదివిన రైతు సంచిని నీడలో దాచుకుంటాడు.

వరిమళ్ళలో పెంచే అజొల్లా నీటిపై తేలే చిన్న మొక్క. దాని ఆకులలో కాపురముండే నీలి ఆకుపచ్చ నాచు కూడా ఈ పనే చేస్తుంది. శాస్త్రజ్ఞులు ఆ నాచును బాక్టీరియాల కోవలో చేర్చినా, పాతపేరు మాత్రం పోలేదు.

ఇక గోబర్ గ్యాసు. ‘గోబర్’ అంటే హిందీలో పేడ. బయోగ్యాసు, జీవవాయువు అన్న పేర్లు మరింత విస్తృతమైనవి. పేడతోనే కాదు, వంటింటి వ్యర్థాలతోనూ ఈ వాయువు పుడుతుంది. గాలి సోకని తొట్టిలో కొన్ని సూక్ష్మజీవులు పేడనీళ్ళను జీర్ణించుకొని మీథేనును విడుస్తాయి. గాలి తగిలితే అవి బ్రతకవు. చలి ముదిరితే మందగిస్తాయి. సుమారు 25 కిలోల పేడ నుండి ఒక ఘనపు మీటరు వాయువు లభిస్తుంది. తేలే ఇనుప డ్రమ్ముతో జశ్‌భాయి పటేల్ రూపొందించిన నమూనాను 1960వ దశకంలో ఖాదీ, గ్రామోద్యోగ సంఘం దేశమంతటా ప్రచారం చేసింది. 1984లో వచ్చిన ఇటుకల గోపురపు నమూనాకు ‘దీనబంధు’ అని పేరు పెట్టారు. ఇనుము లేదు గనుక ఖర్చు తక్కువ. ఆ పేరు తగినదే.

“గ్యాసు తీస్తే పేడలో సత్తువేముంటుంది?” అన్న సందేహం ఊరూరా వినవస్తుంది. మీథేనులో ఉండేవి కర్బనము, ఉదజని మాత్రమే. నత్రజని దాదాపు అంతా బయటికి వచ్చే చిక్కని ద్రవంలోనే నిలుస్తుంది. ఆ ద్రవమే ‘స్లర్రీ’. పొలానికి పోవలసింది అదే.

చివరి మాట హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్ళిన గ్రుడ్ల వాసన దీనిదే. తొట్టిలో ఇది కొద్దిపాటిగానే పుట్టినా, మూసిన గోతిలో చేరితే ప్రాణాంతకం. మోతాదు పెరిగినప్పుడు ముక్కే మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే కూలుతాడు, అతనిని లాగబోయినవాడూ అంతే. గోతిలోకి యంత్రంతో గాలి తోలి, లోపలి గాలిని పరీక్షించి, నడుముకు కట్టిన తాడు పట్టుకొని పైన మనుషులు నిలిచి ఉంటే తప్ప, శుభ్రం చేయడానికైనా సరే ఎవరూ అందులోకి దిగరాదు.