గళ్ల బొమ్మలు ఇక చాలు

మన హాస్టల్ గోడపత్రికలో ఏటా అవే బొమ్మలు. ఫొటో మీద గళ్లు కొట్టి దించిన నాయకులు, సినిమా హీరోలు. పోలిక కుదురుతుంది గానీ ప్రాణం ఉండదు. ఫొటో కదలదు కదా!

భోజనాల లైన్లో కంచం పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డ తమ్ముణ్ణి అరనిమిషంలో గీయాలంటాం మేము. ముందు తల నుంచి మడమ దాకా ఒకే గీత. బరువు మోసే కాలి వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. అది పట్టుబడితే మనిషి నిలబడ్డట్టే. కళ్లు, ముక్కు, గుండీలు తర్వాత. రబ్బరు అసలే వద్దు. అమెరికా చిత్రకళా బోధకుడు నికొలాయిడిస్ 1941లో వెలువడిన తన పుస్తకంలో ఈ సాధనకే పెద్దపీట వేశారు. దీనికి డ్రాయింగ్ షీట్లు కొననక్కర్లేదు, పాత నోట్సుల్లో మిగిలిన పేజీలు చాలు.

వచ్చే ఏడు గోడపత్రికలో గంటె తిప్పే వంటమాస్టారి వంగిన వీపు, బకెట్ మోసే తమ్ముడి ఒరిగిన నడుము చూడాలని ఉంది మాకు.