ఖరీదైన పెట్రోలు బలమైన పెట్రోలా?

పోయిన దసరాకి మా విశాఖ వన్ టౌన్‌లో ఆయుధపూజ అయింది. వీధి చివర కారు తోలుకుని బతికే కుర్రాడు బండికి పసుపు రాసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, నేరుగా బంకుకి బయల్దేరాడు. "పండగ పూట పవర్ కొట్టించాలి మాస్టారూ. నెలకోసారి అది పడితే ఇంజను కడిగేసినట్టుంటాది, పికప్ పెరుగుతాది" అన్నాడు.

నిమ్మకాయల ఖర్చు ఏడాదికోసారి. ఈ నమ్మకం నెలనెలా కష్టార్జితాన్ని తింటుంది. పైగా దీని వెనక ఒక అంకె ఉంది కాబట్టి ఇంజనీరింగ్ చదివినవాళ్ళూ నమ్ముతున్నారు. పవర్, స్పీడ్ అని పేర్లు పెట్టి అమ్మితే నమ్మరా మరి?

ఆ అంకె పేరు ఆక్టేన్. ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. సిలిండర్లో పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి పిస్టన్ నొక్కుడుకి వేడెక్కుతాయి. ప్లగ్గు రవ్వ నుంచి మంట వరసగా పాకాలి. అది చేరేలోపే మిగిలినది తాళలేక తనంతట తానే భగ్గుమంటే ఇంజను టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. సింహాచలం ఘాట్ రోడ్డు మీద గేరు దించకుండా బండిని ఈడిస్తే వినిపించేది ఆ చప్పుడే. ఎంత నొక్కుడుకి తాళుతుందో కొలవడానికి ఒంటి సిలిండర్ ఇంజను ఉంది. నడుస్తుండగానే అందులో కంప్రెషన్ మార్చవచ్చు. పోల్చడానికి రెండు ద్రవాలు: ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0. ఈ రెంటినీ 91కి 9 పాళ్ళలో కలిపితే ఎంత తాళుతుందో, 91 పెట్రోలు అంత తాళుతుంది. అంతే.

బలంతో దీనికి పొత్తు లేదనడానికి రుజువు బంకులోనే ఉంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఆక్టేన్ 100 పైమాటే. కానీ లీటరు ఇథనాల్లో ఉన్న శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఆక్టేనే బలమైతే ఇథనాల్ కలిసేకొద్దీ మైలేజీ పెరగాలి. తగ్గుతోంది.

హార్బరుకి అవతల మల్కాపురంలో 1957లో కాల్‌టెక్స్ పెట్టిన రిఫైనరీ ఉంది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది. పెట్రోలు తయారయ్యే ఊళ్ళోనే ఈ మాట తెలియకపోవడం నాకు బాధ.

95 ఆక్టేన్ పెట్రోలు అడిగే ఇంజన్లు లేకపోలేదు. కంప్రెషన్ ఎక్కువున్నవీ, కొన్ని టర్బోలూ అలాంటివి. వాటిలో 91 పోస్తే కొట్టుకోకుండా కంప్యూటర్ రవ్వను ఆలస్యం చేస్తుంది, లాగుడు తగ్గుతుంది. అక్కడ ఖరీదైన పెట్రోలుకి అర్థముంది. ఇక కడగడమంటారా, కొన్ని ప్రీమియం రకాల్లో మసి వదిలించే మందు కలిపే మాట నిజమే. ఆ పని మందుది, ఆక్టేన్‌ది కాదు.

కుర్రాణ్ణి ఆపి డాష్‌బోర్డు తెరిపించాను. కుంకుమ పొట్లం కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని బండి పుస్తకం ఉంది. కవరు ఓ పక్క చింపి, పెట్రోలు సంగతున్న పేజీ తీయించాను. '91 లేదా అంతకంటే ఎక్కువ' అని రాసి ఉంది. వేలు పెట్టి చదివాడు.

"ఎక్కువ అని కూడా ఉంది కదా మాస్టారూ?"

"ఉంది. ఎక్కువదైతే చెడిపోదని దానర్థం. బాగుపడుతుందని ఎక్కడుందో చూపించు."

కవరు పూర్తిగా చింపి, మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలెట్టాడు.