సమవస్త్రమా, సుంకమా?

బడిపిల్లలకు ఒకే దుస్తులెందుకని అడిగినచో, బీదయు ధనికుడును ఒక్కరీతిగా కనబడుటకని పెద్దలు చెప్పుదురు. మంచిదే. ప్రభుత్వపు బడులలో అవి ఉచితముగానే ఇచ్చుచున్నారు. 2024లో మహిళాసంఘములకు కుట్టుకూలి జతకు 50 నుండి 75 రూపాయలకు పెంచిరి. అదియు చాలునా అన్నది వేఱుమాట. కాని పటాన్‌చెరు కర్మాగారమున రాత్రిషిఫ్టు చేయు కూలివాడు, ఇంగ్లీషుచదువుమీది యాశతో, బిడ్డను ప్రైవేటుబడికి పంపినచో జరుగునదేమి? నడివారమున కొక రంగు, శనివారమున కొక రంగు, బూట్లు, టై. పలుచోట్ల అన్నియు బడి చూపిన యంగడిలోనే కొనవలెను! కొనలేనివాని బిడ్డను తరగతి వెలుపల నిలుపు బడులును కలవు. బిడ్డను మానసికముగా వేధింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను చెప్పుచున్నది; గుమ్మమున నిలిచిన పసివాని యవమానము వేధింపు కాదా? దుస్తులను మాన్పుడని నే ననను. రంగును బడి చెప్పుగాక, అంగడిని తండ్రి యెన్నుకొనవలెను. పాతచొక్కాతో వచ్చిన పిల్లవానిని లోపల కూర్చుండబెట్టి పాఠము చెప్పవలెను.