పాచికి మేత మానేద్దాం

ముచ్చటపడి తెచ్చుకున్న చేపల తొట్టె నెల తిరిగేసరికి పచ్చబడిపోతుంది. అద్దం తుడిస్తే మెరుపు నాలుగు రోజులే, ఐదో రోజుకి మళ్లీ అదే పాచి. పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఇళ్లలో దీనికి మరో బెంగ తోడవుతుంది. కిడ్నీ జబ్బుల మూలంగా నీళ్లంటేనే భయపడే ప్రాంతం కదా, తొట్టె పచ్చబడగానే 'మన నీళ్లలోనే ఏదో ఉంది' అనుకుంటారు. నిజానికి పాచిని చూసి తాగునీటి మంచిచెడ్డలు చెప్పలేం. అది చెప్పేది ఒక్కటే... తొట్టెలో వెలుతురూ, ఎరువూ అవసరానికి మించి ఉన్నాయని.

ఎరువు ఎక్కడిదంటారా? చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన, కుళ్లిన ఆకులు. వీటి నుంచి నైట్రేటు, ఫాస్ఫేటు నీళ్లలో చేరతాయి. పొలంలో పైరుకు బలమిచ్చేవే ఇక్కడ పాచికి బలమిస్తాయి. అందుకే పాచిని గోకడం కన్నా దాని మేత ఆపడం ముఖ్యం.

వెలుతురు ఎనిమిది గంటలు చాలు

తొట్టె మీద ఎండ నేరుగా పడకూడదు. తూర్పు కిటికీ పక్కన ఉంటే గోడవారకు మార్చండి, కుదరకపోతే మందపాటి తెర వేయండి. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. చాలా ఇళ్లలో పొద్దున వేసిన లైటు పడుకునేదాకా వెలుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే టైమర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక మేత. చేపలు రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి, అదీ రోజుకొక్కసారి. పిల్లలు సరదాకొద్దీ వేసే మేతలో సగం అడుక్కి చేరి పాచికే పోతుంది. వారంలో ఒకరోజు చేపల్ని పస్తు ఉంచినా ఏమీ కాదు.

వారానికో బక్కెట్

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి. వారానికోసారి అందులోంచి ఓ బక్కెట్, అంటే 15 లీటర్లు తీసి కొత్తనీళ్లు పోయాలి. గొట్టంతో గులకరాళ్ల మధ్య మురికిని కూడా లాగేయండి. నీళ్లన్నీ ఒకేసారి మార్చేస్తే చేపలు తట్టుకోలేవు. తీసిన నీళ్లు పారబోయకండి, పూలకుండీలకు మంచి ఎరువు.

కొత్తగా పోసేవి ఏ నీళ్లన్నదీ చూసుకోవాలి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్లిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. శుద్ధిచేసిన కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒకరోజు బక్కెట్లో నిలవ ఉంచి వాడండి. బోరు నీళ్లకు క్లోరిన్ బెడద లేదు. కానీ ఇసుక నేలల్లో ఎరువుల నైట్రేటు తేలిగ్గా కిందికి దిగుతుంది. అనుమానంగా ఉంటే రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో నిలవ ఉంచిన కుళాయి నీళ్లు పోసి, చెరో చెంచా తొట్టె నీళ్లు కలిపి, వెలుతురులో పది రోజులు ఉంచండి. ఏది ముందుగా, చిక్కగా పచ్చబడితే దాంట్లో పాచికి మేత ఎక్కువున్నట్టే. రెండోది వాడుకోండి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. చేపల విసర్జనను విరిచేసే మేలుచేసే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండితే సరి.

పాచిని బట్టి పని

కొత్త తొట్టెలో గోధుమరంగు పొడిలా పట్టేది నెలా రెండు నెలల్లో దానంతటదే తగ్గుతుంది, గుడ్డతో తుడిస్తే చాలు. అద్దంపై గట్టి పచ్చచుక్కల్ని పాత బ్లేడుతో గీకాలి. దారాల్లా పెరిగేదాన్ని పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగేయొచ్చు. నీళ్లే పచ్చరసంలా మారితే తొట్టెకు నల్లగుడ్డ కప్పి, లైటు ఆపి, మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచండి. ఎయిర్ పంపు మాత్రం ఆడుతూనే ఉండాలి. తర్వాత మూడోవంతు నీళ్లు మార్చండి.

పాచిమందుల జోలికి తొందరపడి వెళ్లొద్దు. పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. రాగి కలిసిన మందులైతే నత్తల్నీ, రొయ్యల్నీ చంపుతాయి.

ఆ చేపను చెరువులో వదలొద్దు

పాచి తింటుందని చాలామంది సక్కర్ చేపను కొంటారు. వేలెడంత ఉన్నప్పుడు అది పాచి తినే మాట నిజమే. కానీ ఎక్కువగా అమ్మే రకం అడుగుకు మించి పెరుగుతుంది. పెద్దదయ్యేకొద్దీ మేతా ఎక్కువే, విసర్జనా ఎక్కువే. అంటే పాచి తగ్గించడానికి తెచ్చిందే పాచికి ఎరువు వేస్తుంది! తొట్టె చాలక చివరికి ఊరి చెరువులో వదిలేస్తారు. అసలు ముప్పు అక్కడే.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతికి ఒళ్లంతా గట్టి పెంకులు, ముళ్ల రెక్కలు. వలల్ని చింపేస్తుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది. తూర్పు కనుమల నీటివనరుల్లో సుమారు 60 శాతం చోట్ల ఇది చేరిందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏను పరీక్షించి 2024లో చెప్పారు. మనకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. ఏటా అక్కడికొచ్చి గూళ్లు కట్టే పెలికాన్లూ, కొంగలూ పిల్లలకు మేత వెతుక్కునేది చుట్టుపక్కల చెరువుల్లో, నౌపడ చిత్తడి నేలల్లోనే. ఆ చెరువుల్లో మన చేపలే మిగలాలి.

ఇప్పటికే సక్కర్ ఉంటే కొన్న షాపుకే తిరిగివ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవాళ్లకివ్వండి. దాని బదులు రెండు మోలీ చేపల్ని వేసుకోండి. కొద్దికొద్దిగా పాచి కొరుకుతాయి, కాస్త కఠినంగా ఉండే బోరు నీళ్లకూ తట్టుకుంటాయి. త్వరగా పెరిగే నీటిమొక్కలు నాలుగు నాటితే పాచికి అందాల్సిన ఎరువును అవి లాగేసుకుంటాయి. ఈ పద్ధతులు మూడు నాలుగు వారాలు వదలకుండా పాటిస్తే తేడా మీకే కనిపిస్తుంది.