కెమికల్ చదివే పిల్లకి కంప్యూటరెందుకు?

"పిన్నీ, ఒక్క గంట కంప్యూటర్ ఇస్తావా?" అని మా అక్క కూతురు అడిగితే, కూర తరుగుతూనే "నీది కెమికల్ ఇంజనీరింగు కదే, నీకెందుకు? తమ్ముణ్ణి చూసుకోనీ" అనేశాను. గాజువాకలో మా ఇంట్లో ఉండి మొదటి సంవత్సరం చదువుతోందా పిల్ల. మారుమాట్లాడకుండా వెళ్లి, సి ప్రోగ్రాములన్నీ ఎక్కాల్లా వల్లె వేసింది. పరీక్షలో ప్రశ్న కాస్త మార్చి ఇచ్చారు. అంతే, పెన్ను కదల్లేదు. ఆ రాత్రి దానికీ, నాకూ అన్నం సయించలేదు.

ఈ చదువు కంప్యూటర్ బ్రాంచి వాళ్లదేనని మనలో చాలామంది అనుకుంటాం. కానీ మన రాష్ట్రంలోని జేఎన్టీయూలు 2023-24లో తెచ్చిన పాఠ్యప్రణాళికలో సివిలైనా, మెకానికలైనా మొదటి ఏడాది అందరికీ ప్రోగ్రామింగ్ పరిచయం ఉంది. అందర్నీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తోలడానికి కాదిది. మన ఉక్కు కర్మాగారం కొలిమినే తీసుకోండి. రోజంతా కొలిచే ఉష్ణోగ్రతల్లో తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవాలంటే చేతి లెక్కలు చాలవు. తన శాస్త్రంలోని లెక్కను తానే యంత్రంతో చేయించుకోవడం కోసమే ఈ పాఠం.

మర్నాడు దాని పక్కన నేనూ కూర్చున్నాను. ఎంతైనా బీయస్సీ లెక్కలు చదివినదాన్ని! "పదివేలు అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలనెలా వడ్డీ అసలులో కలుస్తుంది. ఏడాదికెంత?" అన్నాను. ఒకే పనిని పన్నెండుసార్లు చేయించడాన్ని లూప్ అంటారట. రాసింది. 10,200 అని వచ్చింది! "ఇది ఒక్క నెల వడ్డీయే కదే" అన్నాను. అరగంట వెతికితే, ఫర్ అన్న వరస చివర అక్కర్లేని సెమికోలన్ ఒకటి దొరికింది. అది తీసేస్తే 12,682. దాని మొహం వెలిగిపోయింది. వల్లె వేసినన్నాళ్లూ రాని చదువు ఆ అరగంటలో వచ్చింది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రాము అడిగితే చాలు, రాసిచ్చేస్తోంది. మరి నేర్చుకోవడమెందుకంటారా? వచ్చిన 10,200 తప్పని ఎవరో ఒకరు చెప్పాలిగా! 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానని ప్రకటించింది. అడిగి రాయించుకునేవాళ్లకన్నా తప్పు పట్టగలిగేవాళ్లకే రేపు విలువ.

1946లో అమెరికా లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటరుకి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు. ఆడపిల్లలకి ఈ విద్య కొత్తదేం కాదు. కొత్తగా కావలసింది ఇంట్లో కంప్యూటరు ముందు వాళ్లకో కుర్చీ.

మా ఇంట్లో ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిదాకా అది దానిది. మావాడు గొణుగుతూనే ఉన్నాడు. గొణగనీ. మరి మీ ఇంట్లో ఆ కుర్చీ ఎవరిది?