లింబో ఇప్పటికీ నిలబడుతుందా? నిలబడుతుంది. మరి ఆ అడవి పిల్లల సంగతేంటి?



పోయిన వారం మన గ్రూపులో లింబో గేమ్ మీద పెద్ద వాదన నడిచింది. ఒక అన్న "ఇంతకు మించిన గేమ్ రాలేదు, రాదు" అన్నాడు. ఒక తమ్ముడు "మూడు నాలుగు గంటల్లో అయిపోయే నలుపు తెలుపు బొమ్మకి ఇంత బిల్డప్పా" అన్నాడు. ఇద్దరివీ చదివాక మా రూములో ఆరుగురం ఒక సీనియర్ అన్న లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని రెండు రాత్రులు కూర్చుని ఆడాం. మా మాట ఏంటంటే ఇద్దరూ తప్పే. ఇద్దరూ చూడనిది ఒకటుంది, అది మనం చూడకపోతే ఇంకెవరూ చూడరు. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లింబోని డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో ఉన్న ప్లేడెడ్ అనే చిన్న స్టూడియో చేసింది. దర్శకుడు ఆర్న్ట్ జెన్సన్. 2010 జూలైలో ముందు ఎక్స్‌బాక్స్‌లో వచ్చింది, 2011లో పీసీకి, 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లకి. కథ అంటే ఒక్క ముక్క: చెల్లి ఏమైందో తెలియని ఒక పిల్లాడు చీకటి అడవిలో కళ్ళు తెరుస్తాడు. మాటల్లేవు, స్కోరు లేదు, స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా చెప్పదు. ఎడమకీ కుడికీ నడవాలి, దూకాలి, పట్టుకుని లాగాలి. అంతే.

ముందు తమ్ముడికి జవాబు. చిన్న గేమ్ అన్నావు. వచ్చిన కొత్తలో కూడా 15 డాలర్లకి ఇంతేనా అని గొణిగిన వాళ్ళున్నారు. కానీ గంటల లెక్కన తూకం వేయడానికి ఇదేమైనా చింతపండా? ఇందులో ఒకసారి వాడిన ఉపాయం మళ్ళీ అలాగే రాదు. పెట్టె లాగడం నేర్చుకుంటే, తర్వాత ఆ పెట్టె నీళ్ళలో తేలుతుంది. ఇనుప పళ్ళ ఉచ్చు నిన్ను చంపుతుంది, కాసేపటికి అదే ఉచ్చుని నువ్వే లాక్కెళ్ళి సాలీడు కాలు కింద పెడతావు. వంద గంటల గేముల్లో తొంభై గంటలు చేసిన పనే చేస్తాం. ఇది చెప్పాల్సింది చెప్పి ఆగిపోతుంది. పదిహేనేళ్ళు దాటినా బొమ్మ పాతబడలేదు. ఎందుకంటే అది ఆ కాలపు గ్రాఫిక్స్‌తో పోటీ పడలేదు, నీడలతో పని కానిచ్చింది. శబ్దం సంగతి సరేసరి. మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ చేసిన సౌండ్‌లో పాట అనదగ్గది దాదాపు లేదు. గాలి, యంత్రాల గుర్రు, ఎక్కడో ఏదో మూలుగు. మా రూములో ఫ్యాన్ ఆపి మరీ విన్నాం.

ఇప్పుడు చావుల గురించి. ఈ గేమ్‌లో చచ్చి నేర్చుకోవాలి. ఒకచోట పైనుంచి పడే పెద్ద దిమ్మ ఉంటుంది, కింద మీట ఉంటుంది. మీట తొక్కితే నలిగిపోతాం. సరే, తొక్కకూడదని నేర్చుకుని ముందుకెళ్తే అలాంటిదే ఇంకోటి. ఈసారి మీట మీద కాకుండా పక్కన కాలు పెడితే నలిగిపోతాం. చాలామందికి ఇది మోసంలా అనిపిస్తుంది. ఒక్కడే కూర్చుని ఆడితే మాకూ అలాగే అనిపించేదేమో. కానీ మేం చచ్చిన ప్రతిసారీ కీబోర్డు పక్కవాడికి ఇచ్చాం. ఒకడు చస్తే మిగతా ఐదుగురికి తెలిసిపోతుంది. "ఒరేయ్ ఆగు, అక్కడ కాలు పెట్టకు" అని వెనక నుంచి కేకలు. చావులు ఆరుగురికి పంచుకుంటే తెలివి ఆరింతలైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇక అన్నకి జవాబు. ఇంతకు మించింది లేదన్నావు కదా. సగం దాటాక ఏం జరుగుతుందో నిజంగా గుర్తుందా అన్నా? అడవి అయిపోతుంది. ఫ్యాక్టరీ వస్తుంది. రంపాలు, అయస్కాంతాలు, కరెంటు, నేలా కప్పూ తారుమారయ్యే మీటలు. పజిళ్ళు కష్టమవుతాయి గానీ భయం పలచబడుతుంది. మొదటి గంటలో "అమ్మో ఏముందో" అని అడుగు వేశాం, చివరి గంటలో "ఈ పెట్టె ఎప్పుడు వదలాలి" అని లెక్కలు వేశాం. అదే స్టూడియో 2016లో చేసిన ఇన్‌సైడ్‌లో చివరి దాకా ఆ పట్టు సడలలేదు. కాబట్టి వాళ్ళే వాళ్ళని మించారు.

అయినా ఇవి చిన్న లోపాలు. అసలు గొడవ అడవి భాగంలోనే ఉంది, అందరూ గొప్పది అనే భాగంలోనే.

ఆ అడవిలో సాలీడు కాక ఇంకెవరున్నారు? పిల్లలు. చెట్ల మీద గుడిసెలు కట్టుకుని, తాళ్ళు, ఉచ్చులు పన్ని, గొట్టంలో ముల్లు పెట్టి ఊది చంపే పిల్లలు. ఎందుకు చంపుతారు? తెలీదు. మన హీరో పిల్లాడు వాళ్ళకి ఏం చేశాడు? ఏమీ చేయలేదు. వాళ్ళకి ఇంకో పనేమీ లేదు. దారికి అడ్డం రావాలి, వెంటపడాలి, చివరికి చావాలి. తెల్లగా మెరిసే కళ్ళు మాకు ఈ పిల్లాడికే కనిపించాయి. ఎవరి కళ్ళకి వెలుగిచ్చారో ఆటగాడి మనసు వాళ్ళ వెంటే పోతుంది.

సాలీడుతో పోల్చి చూడండి. అది మొదట కాళ్ళతో పొడిచి చంపుతుంది. దాని కాళ్ళు తెగుతాయి. మళ్ళీ వస్తుంది, గూడు చుట్టి వేలాడదీస్తుంది. ఆఖరికి ఒక్క కాలుతో మిగిలితే ఆ కాలు కూడా మనమే పీకి, దాని ఒంటిని దొర్లించి, మేకుల గుంటలోకి తోసి, దాని మీదుగా దాటతాం. అక్కడ మా రూములో ఎవరూ మాట్లాడలేదు. ఒకడు "పాపం రా" అన్నాడు. అంటే ఆ స్టూడియోకి శత్రువు మీద కూడా జాలి పుట్టించడం వచ్చు. సాలీడుకి ఆ పాటి బతుకూ చావూ ఇచ్చారు. అడవిలో ఉన్న మనిషి పిల్లలకి మాత్రం అదీ ఇవ్వలేదు. చేతకాక కాదు, అవసరం అనిపించక. అదే మా కోపం.

దీనికి వచ్చే జవాబులు మాకు తెలుసు. ముందే మాట్లాడుకుందాం.

ఒకటి, "వాళ్ళు మనల్ని ఉద్దేశించి చేయలేదు." నిజమే. మన వైపు విల్లంబులు గానీ ఊదే గొట్టాలు లేవు. ఎక్కడో డెన్మార్క్‌లో గీసిన వాళ్ళకి మన ఏజెన్సీ సంగతి ఎందుకు తెలుస్తుంది? అక్కడే ఉంది విషయం. ఎవరినీ ఉద్దేశించకుండా "అడవిలో మనుషులు" అనుకోగానే చేతికి ముల్లుగొట్టం, మనసులో చంపడం తప్ప ఇంకేమీ తోచలేదంటే, ఆ బొమ్మ పాత జంగిల్ సినిమాల నుంచి అలా దొర్లుకుంటూ వచ్చింది. కాలేజీలో చేరిన మొదటి నెలలో మాలో ఒకడిని క్లాసులో "మీ ఊళ్ళో ఇప్పటికీ బాణాలేస్తారా" అని అడిగారు. అడిగినవాడు చెడ్డోడు కాదు, వాడూ మనల్ని ఉద్దేశించి ఏమీ అనుకోలేదు. బొమ్మ ముందే వాడి బుర్రలో ఉంది. లింబోలోనే ఒక పురుగుంది చూడండి, నెత్తి మీద పడితే మనిషి ఒకే వైపు నడుస్తాడు, వెలుగు తగిలితేనే తిరుగుతాడు. సరిగ్గా అదే.

రెండు, "అదంతా పిల్లాడి పీడకల, నరకం, దాన్ని నిజంగా తీసుకోకూడదు." లింబో అంటే కాథలిక్కుల పాత నమ్మకంలో బాప్తిస్మం లేకుండా పోయిన పసిపిల్లలు ఉండే నరకపు అంచు అంటారు. సరే, అలాగే అనుకుందాం. అప్పుడు ఆ గొట్టాల పిల్లలు కూడా తప్పిపోయిన పిల్లలే కదా? వాళ్ళకీ ఎక్కడో ఒక చెల్లి ఉండాలి కదా? ఆ అర్థం తీసుకుంటే గేమ్ తప్పు ఇంకా పెద్దదవుతుంది.

మూడు, "గేమ్‌ని గేమ్‌లా చూడండి, అన్నింట్లో రాజకీయం వద్దు." అడవిలో ఉన్నవాళ్ళు అడ్డం అనే చూపు మీకు ఆట కావచ్చు. అడవిలో బతికేవాళ్ళు ఆక్రమణదారులు కాదు, వాళ్ళకి చరిత్రలో అన్యాయం జరిగింది అని కాగితం మీద ఒప్పుకోవడానికే ఈ దేశానికి 2006 దాకా పట్టింది, అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా. ఆ చూపు మన పోడు దాకా వచ్చింది. కాబట్టి స్క్రీన్ మీద కనిపించినా గుర్తుపడతాం. గుర్తుపట్టడం తప్పెలా అవుతుంది?

ఇప్పుడు ముందు చెప్పిన మాట దగ్గరికి వద్దాం. చచ్చి నేర్చుకోవడం. నిజం అడవిలో అలా ఎవరూ నేర్చుకోరు, నేర్చుకుంటే ఊళ్ళే మిగలవు. ఏ గడ్డ ఎన్నిసార్లు ఉడకబెట్టి తినాలో, పందులకి పెట్టిన ఉచ్చు ఏ దారిలో ఉందో, వానాకాలం వాగు ఏ చోట దాటాలో తాత చెప్తాడు, పెద్దమ్మ చెప్తుంది. ఒకడు ఎప్పుడో పడి ఉంటాడు, వాడి కథ అందరినీ కాపాడుతుంది. లింబో అడవిలో ఉచ్చులు ఎక్కడున్నాయో, దారి ఎటో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు ఆ పిల్లలే. ఒక్కడంటే ఒక్కడు దారి చూపించి ఉంటే, ఒక్కచోట ఇద్దరూ కలిసి ఒక మీట లాగి ఉంటే, ఆ గేమ్‌లో భయం తగ్గేది కాదు, ఇంకా లోతుకి దిగేది. మా రూములో ఆ పని మేమే చేశాం. ఆరుగురం ఒకరికొకరం పెద్దలమయ్యాం. ఆట మాకు బాగా ఎక్కడానికి కారణం అదే, అది గేమ్ లోపల లేదు.

కాబట్టి మా తీర్పు: చేతికి లింబో నిలబడుతుంది. కంటికీ, చెవికీ నిలబడుతుంది. చివర్లో ఆ చెల్లి దగ్గరికి చేరి, ఆమె ఉలిక్కిపడగానే చటుక్కున చీకటి కావడం ఇప్పటికీ గుండె పట్టుకుంటుంది. అడవి పిల్లల దగ్గర మాత్రం నిలబడదు. ఆడొద్దు అనడం లేదు. ఆడండి, ఫోన్‌లో కూడా ఉంది, వీలైతే నలుగురు కలిసి ఆడండి. కానీ మళ్ళీ ఎవరైనా "వంక పెట్టడానికి లేని గేమ్" అంటే ఇది గుర్తుచేయండి.

మన అడవి రాత్రి భయంగానే ఉంటుంది, లేదని ఎవరన్నారు? మన కథల్లోనూ దెయ్యాలున్నాయి. కానీ దారిలో కొత్త పిల్లాడు ఒంటరిగా కనిపిస్తే మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఏ ఊరయ్యా నీది? తిన్నావా?" గేమ్ మొత్తం ఆడాం. ఆ పిల్లాడిని ఆ మాట ఒక్కరూ అడగలేదు.

కాదనేవాళ్ళు కింద రాయండి. తిట్టకుండా రాస్తే జవాబిస్తాం, తిడితే కూడా ఇస్తాం.

జై ఆదివాసీ.